బొటనవేలంత ఖాళీ

వాన పడ్డ రోజు సాయంత్రం కుదురమ్మ పని నుంచి రాగానే సైకిలు గోడకి ఆనించి, లోపలికి పోకుండా, గుమ్మం ముందు మెట్టు మీద వీపు తిప్పి నిలబడేది. వాళ్ళ నాన్న కుర్చీ ముందుకి జరుపుకుని, కళ్ళజోడు సర్దుకుని, కూతురి తెల్లకోటు మీద నడుము నుంచి మెడ దాకా పడ్డ మట్టిచారని గోటితో గీకేవాడు. వేళ్ళ మధ్య నలిపి, వాసన చూసి, కొనాలుకకి తగిలించుకుని, "మూడు గుట్టల ఊరు. పెద్ద బండ పక్కన తవ్వించాను. నలభై అడుగులకి పడ్డాయి నీళ్ళు," అనేవాడు. ఆ మాట అన్నాక గానీ ఆమె చెప్పులు విడిచేది కాదు.

సైకిలు ఆయనదే. నలభై ఏళ్ళు దాని మీద ఊరూరా తిరిగి, మట్టి చూసి, ఎక్కడ తవ్వితే నీళ్ళు పడతాయో చెప్పడం ఆయన ఉద్యోగం. నీళ్ళాయన అనేవాళ్ళు. మోకాళ్ళు అరిగి ఆయన కుర్చీకి అంటుకుపోయాక బండి కూతురి చేతికొచ్చింది. అన్ని ఊళ్ళు చూసిన బండిని ఇల్లూ కార్ఖానా మధ్యే తిరగమంటే ఊరుకుంటుందా? వానకి రోడ్డు తడిస్తే చాలు, దాని వెనక చక్రం ఈ ఊరి బురద మానేసి, ఎప్పుడో తిరిగిన ఊళ్ళ మట్టి చిమ్మేది. ఒకరోజు ఎర్రమట్టి, ఒకరోజు సుద్ద, ఒకరోజు ఏటి ఇసుక. పక్కింటి పిన్ని గోడ మీంచి తొంగి చూసి, "ఇవాళ ఇసుకేనా? కాస్త ఇటు దులుపవే, గిన్నెలు తోముకోవాలి," అనేది. దాని గురించి అంతకు మించి ఎవరూ మాట్లాడిన పాపాన పోలేదు. మాట్లాడుకోవడానికి జనానికి వేరే సంగతులు బోలెడు.

కుదురమ్మ అన్నది కూడా అసలు పేరు కాదు లెండి. తల్లి లేని పిల్ల. నాన్న పనిమీద పోతే రెండు వారాలు, మూడు వారాలు జాడే ఉండేది కాదు. అన్నం పిన్ని పెట్టేది. ఆ పిల్ల మాత్రం తిన్నా, తినకపోయినా, నాన్న వచ్చేదాకా ఈ మెట్టు వదిలేది కాదు. ఎంత కుదురైన పిల్లో అని వచ్చేపోయేవాళ్ళు మెచ్చుకుని ఆ పేరు పెట్టారు. మెచ్చుకున్నవాళ్ళు ఆమె కుడికాలు చూళ్ళేదు. అది కూర్చున్నంతసేపూ ఆడుతూనే ఉండేది. ముప్ఫై అయిదేళ్ళొచ్చాయి, ఇంకా ఆడుతూనే ఉంది.

పదేళ్ళప్పుడు ఆ మెట్టు మీదే ఒట్టు పెట్టుకుంది, తను ఎన్నడూ నాన్నలా తిరగనని. ఎదురుచూడటం ఎంత చేదో తనకి తెలుసు. తెలిసి తెలిసి ఆ చేదు ఇంకొకళ్ళ నోట్లో పోయకూడదనుకుంది.

అందుకే కూర్చునే పని వెతుక్కుంది. కళ్ళజోళ్ళ అద్దాలు సానపట్టే కార్ఖానాలో, చిట్టచివరి గదిలో, ఎత్తు స్టూలు మీద కూర్చుని ఒక్కో అద్దాన్నీ దీపానికెదురుగా పట్టి గీతలుంటే పక్కన పెట్టడం, లేకపోతే మందం కొలిచి పెట్టెలో సర్దడం. ఏడేళ్ళుగా చేస్తోంది, ఏడేళ్ళూ టెంపరరీయే. ఆ గదికి దుమ్మంటే పడదు. ఒక్క ఇసుక రేణువు చాలు, అద్దం మీద గీత పడటానికి. ఇక మన కుదురమ్మ వీపు మీద రోజుకో ఊరు మోసుకుని అక్కడికే వెళ్ళాలి.

సూపర్‌వైజరు మేడమ్‌ని అందరూ చాటుగా భూతద్దం అంటారు. ఆవిడ కంటికి చిన్న తప్పైనా పెద్దదిగానే కనబడుతుంది మరి. ఆ వానాకాలం మొదట్లో ఆవిడ కుదురమ్మని పక్కకి పిలిచింది.

"ఇది మూడోసారి. ఇవాళ ఎనిమిది అద్దాలు పోయాయి."

"సైకిలు మేడమ్..."

"ఏ ఊరి మట్టైనా నాకు మట్టే. వానలు తగ్గేలోగా ఇంకొక్క రేణువు ఈ గదిలో కనబడిందా, పర్మినెంటు సంగతి మర్చిపో. ఆ స్టూలు కోసం బయట ఎంతమంది కాచుకునున్నారో నీకు తెలుసు."

పోనీ ఆ స్టూలు వద్దనుకుంటే వేరే దారి లేదా అంటే, ఉంది. నోటీసు బోర్డు మీదే ఉంది. కంపెనీ వాళ్ళు కళ్ళబండి అని ఒక వ్యాను పెడుతున్నారు. సోమవారం బయల్దేరి ఊళ్ళు తిరిగి, కళ్ళు పరీక్ష చేసి, అక్కడికక్కడే కళ్ళజోళ్ళు ఇచ్చి, శనివారానికి తిరిగొస్తుంది. అద్దాల కొలత తెలిసినవాళ్ళు కావాలి. వ్యాను పోలేని చోటికి సైకిలు తొక్కగలగాలి. భూతద్దం మొదట అడిగింది కుదురమ్మనే. "నాకు తిరుగుళ్ళు పడవు మేడమ్," అని అక్కడికక్కడే తేల్చి చెప్పేసింది. చెప్పినామె మంచినీళ్ళకి వెళ్ళిన ప్రతిసారీ ఆ బోర్డు ముందు ఎందుకు ఆగుతోందో మాత్రం ఎవరూ అడగలేదు.

మట్టి తప్పించుకోవడానికి చెయ్యాల్సినవన్నీ చేసింది. రెయిన్‌కోటు వేసుకుంటే కాలర్ సందులోంచి మట్టి మెడలోకి జారింది. కోటు సంచిలో పెట్టుకెళ్ళి అక్కడ తొడుక్కుంటే, జడలో దాక్కున్న ఇసుక అద్దాల మీద రాలింది. బస్సెక్కుదామంటే బస్సు వంతెన ఇవతలే ఆగిపోతుంది. ఇక మిగిలింది ఒక్కటే.

"నాన్నా, సైకిలుకి మడ్‌గార్డులు వేయిస్తాను. ముందూ వెనకా, నిండుగా."

ఆయన కోటు గీకుతున్న వేలు ఆగింది.

"వేయించు తల్లీ. మట్టి కోసం ఉద్యోగం పోగొట్టుకుంటారా ఎవరైనా? కొత్తలో దీనికీ ఉండేవి. బంకమట్టి నేలల్లో ఇరుక్కుని చక్రం తిరక్క, విసుగొచ్చి నేనే పీకి పారేశాను." అని మళ్ళీ వీపు వైపు వంగి, "ఇవాళ్టిది చవుడు నేల. ఇక్కడ నీళ్ళు పడ్డాయి గానీ ఉప్పగా ఉన్నాయి, పాపం," అన్నాడు.

ఆదివారం పొద్దున ఆమె బండి నడిపించుకుంటూ సైకిల్ డాక్టరు కొట్టుకి వెళ్ళింది. ఏ బండి వచ్చినా ముందు ఇరుసుకి చెవి ఆనించి వింటాడు కాబట్టి ఆయన డాక్టరు. ఆరోజూ విన్నాడు. "నీళ్ళాయన బండికి రోగమేం లేదే. మనిషి అలసిపోయాడు గానీ ఇది అలసిపోలా," అన్నాడు.

మడ్‌గార్డులనగానే అటక మీంచి మూడు జతలు దింపి వరసగా పరిచాడు.

"ఇవి ఇనుపవి. నీ తర్వాత కూడా ఉంటాయి. కాకపోతే గతుకొచ్చిందంటే వీధి వీధంతా కిటికీలు తీసి చూస్తుంది. ఇవి ప్లాస్టిక్‌వి, తేలిక. రెండు ఎండాకాలాలకి పెళుసెక్కి ఫట్‌మంటాయి. ఇవి అల్యూమినియం. తుప్పు పట్టవు, బరువుండవు, సొట్ట పడితే నేను సరిచేస్తాను."

గోడకి వేలాడుతున్న పొట్టి రకం చూపించి, "అవి?" అంది.

"అవి కుర్రకారు సోకుకి. సగం గొడుగు పట్టుకుంటే సగం తడవ్వా? నీకు కావాల్సింది పెడళ్ళ దగ్గర మొదలై, సీటు కింద నుంచి చుట్టి, వెనక కిందిదాకా దిగేది. టైరు రెండు వేళ్ళ వెడల్పుంది, మడ్‌గార్డు మూడు వేళ్ళుండాలి. ముందుదానికి చివర ఈ రబ్బరు ముక్క వేలాడదీస్తాను, లేకపోతే నీళ్ళు నీ పాదాలకీ గొలుసుకీ కొడతాయి."

అల్యూమినియమే తీసుకుంది. ఆయన చక్రాలు ఊడదీసి, మడ్‌గార్డు నుదురు ఫ్రేముకి బిగించి, రెండు పక్కలా సన్నటి కడ్డీలు ఇరుసు దగ్గరి కన్నాల్లోకి దించాడు. చక్రం తిరిగి పెట్టాక, టైరుకీ రేకుకీ మధ్య తన బొటనవేలు దూర్చి చుట్టూ జరుపుతూ చూశాడు.

"బొటనవేలంత ఖాళీ. ఇదీ లెక్క."

"అంత ఖాళీ ఎందుకు? అందులోంచి మట్టి రాదూ?"

"చక్రానికి ఊపిరాడాలమ్మాయ్."

ఇక్కడే కుదురమ్మ తనలాంటి పని చేసేవాళ్ళు మాత్రమే చెయ్యగల పొరపాటు చేసింది. ఏడేళ్ళుగా వెంట్రుక మందాలు కొలిచే మనిషికి బొటనవేలంత సందు ఊరి సింహద్వారంలా కనబడింది. సంచిలోంచి గీత పడి పక్కన పడేసిన కళ్ళజోడు అద్దం ఒకటి తీసి, టైరుకీ రేకుకీ మధ్య పెట్టి, "ఇది పట్టాలి, ఇంకేమీ పట్టకూడదు. ఇంతకి దించి బిగించండి," అంది.

"ఇరుక్కుంటుంది."

"ఇరుక్కుంటే నా కర్మ. నా వీపు మీద చుక్క పడకూడదు."

డాక్టరు గొణుక్కుంటూనే కడ్డీలు కిందికి లాగి, ఆ అద్దం అడ్డం పెట్టి, ఆమె చెప్పినట్టే బిగించాడు.

మర్నాడే కుంభవృష్టి. కుదురమ్మ కార్ఖానాకి ఉతికి ఆరేసిన కోటుతో వెళ్ళింది, అదే కోటుతో తిరిగొచ్చింది. భూతద్దం ఆమె చుట్టూ ఒకసారి తిరిగి, ఏమీ దొరక్క వెళ్ళిపోయింది. సాయంత్రం మెట్టెక్కగానే అలవాటు చొప్పున వీపు తిప్పి నిలబడింది. కుర్చీ ముందుకి జరిగిన చప్పుడైంది. తర్వాత ఏ చప్పుడూ లేదు.

"బాగుంది తల్లీ. తెల్లగా ఉంది," అన్నాడు నాన్న.

ఇవాళ వినడానికి ఊరేం లేదు. ఏం చేస్తుంది, లోపలికెళ్ళి చెప్పులు విడిచింది.

ఆరు వారాలు వానలే వానలు. ఆరు వారాలూ నీళ్ళాయన కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. ఇన్నాళ్ళూ మోకాళ్ళు సహకరించవని కుర్చీ దిగని మనిషి, గోడ పట్టుకుని గుమ్మం దాకా, గుమ్మం నుంచి వంటింటి దాకా, మళ్ళీ గుమ్మం దాకా. తినమంటే కంచంలో వేళ్ళతో గీతలు గీస్తూ కూర్చునేవాడు. ఒకరోజు కూతురి చెప్పులు తిరగేసి అడుగు గీకి నోట్లో పెట్టుకుంటుంటే పిన్ని చూసింది.

"అన్నయ్యా, అది మన వీధి మట్టే కదా."

"అవునమ్మా, మన వీధిదే," అని చెప్పులు యథాస్థానంలో పెట్టేశాడు.

పిన్ని ఆ సంగతి చెప్పినప్పుడు కుదురమ్మకి ఏడుపు ముంచుకొచ్చింది. ఏడుపు కన్నా ముందు కోపం వచ్చింది. తనకోసం ఈయన ఎన్నడైనా ఇలా కొట్టుకుపోయాడా? తను మెట్టు మీద కూర్చున్న రోజుల్లో ఈయన ఏ ఊళ్ళో ఏ మట్టి వాసన చూస్తున్నాడో ఎవడికి తెలుసు? అలా అనుకుంది, అనుకున్నందుకు సిగ్గుపడింది, సిగ్గుపడుతూ స్టూలు మీద కూర్చుని కాలాడించింది. కాలు ఎంత ఆడిందంటే పక్కామె బల్ల మీద అద్దాలు గలగలమన్నాయి.

వానలు తగ్గుముఖం పట్టాక ఒక శనివారం భూతద్దం ఆమె చేతిలో ఒక కవరు పెట్టింది.

"పర్మినెంటు కాగితం. సోమవారం పొద్దున సంతకం పెట్టి ఇయ్యి. ఇక రిటైరయ్యేదాకా ఆ స్టూలు నీదే." వెళ్ళబోతూ ఆగి, "కళ్ళబండి కూడా సోమవారమే బయల్దేరుతోంది. ఇంకా మనిషి దొరకలేదు. నీకు తిరుగుళ్ళు పడవన్నావుగా, ఊరికే చెప్తున్నాను," అంది.

కుదురమ్మ కవరు సంచిలో పెట్టుకుని బయల్దేరింది. ఏడేళ్ళుగా కోరుకున్న కాగితం. సంతోషంగా ఉండాలి. ఉండాలి కదా అని నాలుగుసార్లు తనకి తనే చెప్పుకుంది. సన్నగా తుంపర మొదలైంది. వంతెన ఎక్కేటప్పటికి బండి బరువెక్కింది. లేచి నిలబడి తొక్కింది. వంతెన నడిమధ్యకొచ్చేసరికి వెనక చక్రం కిర్రుమని ఒక్కసారిగా ఆగిపోయింది. ముందుకి తోస్తే రాదు, వెనక్కి లాగితే రాదు.

వెనక భాగం ఎత్తి పట్టుకుని డాక్టరు కొట్టు దాకా ఈడ్చుకొచ్చింది. ఆయన చూడగానే నవ్వాడు. బొటనవేలు పైకెత్తి చూపించాడు. బోల్టులు విప్పి వెనక మడ్‌గార్డు దింపాడు. లోపల ఆరు వారాల మట్టి ఇటుకలా బిగుసుకుపోయి ఉంది. స్క్రూడ్రైవరు ఎత్తి పొడవబోతుంటే కుదురమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది.

"వద్దు. అలాగే ఇవ్వండి."

"మట్టితోనా?"

"మట్టితోనే."

బండి అక్కడే వదిలేసి, మడ్‌గార్డుని రెండు చేతులా ఎత్తుకుని, పసిపిల్లని తెచ్చినట్టు ఇంటికి తెచ్చింది. ఇంకా వెలుగుంది. నాన్న గుమ్మంలోనే ఉన్నాడు. కుర్చీలో కూర్చోబెట్టి, మడ్‌గార్డు తిరగేసి ఒళ్ళో పెట్టింది.

ఆయన అంచు దగ్గర ఒక పెళ్ళ విరిచాడు. విరిగినచోట పొరలు పొరలుగా రంగులు బయటపడ్డాయి. ఎరుపు మీద నలుపు, నలుపు మీద తెలుపు.

"బావి గోడలాగే ఉందే," అన్నాడు. "పైనున్నది కొత్తది, కిందికి పోయేకొద్దీ పాతది."

అన్నిటికన్నా పై పొర గోటితో గీకి, నలిపి, వాసన చూసి, నాలుకకి తగిలించుకున్నాడు. కనుబొమలు ముడిపడ్డాయి. "ఇది తర్వాత చూద్దాం," అని చిటికెడు తీసి కుర్చీ చేతి మీద పక్కన పెట్టాడు. ఇక కిందికి దిగడం మొదలెట్టాడు.

ఆ పొద్దు వాలేలోగా ఆయన ఇరవై ఊళ్ళు తిరిగాడు. ఒకచోట అరవై అడుగులు తవ్వినా చుక్క పడలేదట. తిట్టిపోస్తారని భయపడుతూ నిలబడితే, ఆ ఊరివాళ్ళు తమ కుండలో మిగిలిన నీళ్ళు ఈయనకే తాగడానికి ఇచ్చారట. ఒకచోట బావిలో నీళ్ళు పడితే ఊరి ముసలామె చెప్పులతోనే దూకిందట. చెబుతుంటే ఆయన గొంతు పెరిగింది. పిన్ని గోడ మీద మోచేతులు ఆనించి వింటోంది. అడుగున ఒక పలచటి పచ్చటి పొర దగ్గర ఆగాడు.

"ఇక్కడే నీకు జ్వరమని కబురొచ్చింది. ఏడేళ్ళ పిల్లవి. సగం తవ్విన బావి వదిలేసి ఒక్క బిగిన తొక్కుకుంటూ వచ్చాను."

"ఎప్పుడొచ్చావు? రాలేదుగా." ఆమె గొంతు తనకే గట్టిగా వినబడింది. "ఆ జ్వరం నాకు గుర్తుంది. రాలేదు నువ్వు."

"నువ్వు నిద్రపోతున్నావు. నుదురు మీద చెయ్యి పెట్టి చూశాను, చల్లబడింది. తెల్లారేలోగా వెళ్ళిపోయాను. అక్కడ బావిలో నలుగురు నన్ను నమ్ముకుని దిగున్నారు తల్లీ."

కుదురమ్మ పిన్ని వైపు చూసింది.

"తలుపు తీసింది నేనే," అంది పిన్ని. "ఆయన వెళ్ళాక నువ్వు లేచావు. వచ్చి వెళ్ళాడంటే ఇంకా ఏడుస్తావని చెప్పలేదు. తర్వాత మర్చిపోయానే. నాదే తప్పు."

కుదురమ్మ మెట్టు మీద కూలబడింది. పాతికేళ్ళకి పైగా మోసిన కోపం ఎక్కడ పెట్టాలో తెలీలేదు. కాలు కూడా ఆడలేదు.

నాన్న అప్పుడు పక్కన పెట్టిన చిటికెడు మట్టి తీసి ఆమె అరచేతిలో పోశాడు. లేత బూడిదరంగు ఇసుక. నలిగిన గవ్వ ముక్కలు మెరుస్తున్నాయి.

"ఇది నాకు తెలీదు," అన్నాడు. "నేను వెళ్ళిన ఊరు కాదు. ఇది సముద్రపు ఒడ్డుది. నన్ను పిలిచినవాళ్ళంతా నీళ్ళు లేనివాళ్ళు. సముద్రం నన్నెందుకు పిలుస్తుంది? ఈ బండి ఆ వైపే పోలేదు ఎప్పుడూ."

ఆమె ఇసుక వైపు చూస్తూ, "కళ్ళబండి మొదటి మకాం అక్కడే," అంది. "వలలు వేసేవాళ్ళ ఊళ్ళు. నీళ్ళ మీద ఎండ మెరుపుకి వాళ్ళ కళ్ళు తొందరగా పోతాయిట."

"నీకెలా తెలుసు?"

"బోర్డు మీద చదివాను."

"ఎన్నిసార్లు?"

ఆమె ఇసుక మీద గుప్పిట మూసింది. "రోజూ."

నీళ్ళాయన తల ఊపాడు. నేలలో ఎక్కడో నీటి జాడ దొరికినప్పుడు అలాగే ఊపేవాడట.

"తిరగనని ఒట్టు పెట్టుకున్నాను నాన్నా. నిన్ను ఈ మెట్టు మీద కూర్చోబెట్టి ఎలా పోను?"

"ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టు. ఎదురుచూడటం నాకు కష్టం కాదు తల్లీ. ఈ ఆరు వారాలూ ఎదురుచూడటానికి ఏమీ లేకపోయిందే, అదీ కష్టం." మడ్‌గార్డు అంచు నిమురుతూ, "డేరాల్లో నలభై ఏళ్ళు వండుకుతిన్నవాణ్ణి, నా తిండికి నువ్వు కూర్చోవాలా? శనివారం శనివారం వస్తావుగా. కోటు మీదిదైతే ఉతికితే పోయేది. ఇందులో చూడు, ఏదీ పోదు, వరస కూడా తప్పదు," అన్నాడు.

గోడ అవతల నుంచి పిన్ని, "సముద్రం ఇసుక గిన్నెలకి పనికి రాదులే, ఉప్పు. అయినా తీసుకురా," అంది.

కవరు సంచిలోంచి బయటికి రాలేదు. ఆదివారం పొద్దున భూతద్దం ఇంటికి వెళ్ళి, కళ్ళబండికి తను వస్తానని చెప్పొచ్చింది. ఆవిడ కాసేపు ఆమెను ఎగాదిగా చూసి, "నీ కాలు చూసినప్పుడే అనుకున్నాను," అని తలుపేసుకుంది.

అక్కణ్ణుంచి నేరుగా డాక్టరు కొట్టుకి. ఖాళీ చేసి కడిగిన మడ్‌గార్డు ఆయన చేతికిచ్చింది. ఆయన దాన్ని ఫ్రేముకి తగిలించి, చక్రం ఎక్కించి, సందులో బొటనవేలు దూర్చి కడ్డీలు బిగించబోయాడు.

కుదురమ్మ సంచిలోంచి అదే కళ్ళజోడు అద్దం తీసి ఇచ్చింది.

డాక్టరు అద్దం వైపు, ఆమె వైపు చూశాడు. "చెప్తే వినవా? మళ్ళీ ఇరుక్కుంటుందమ్మాయ్."

"ఇరుక్కోవాలి," అంది. "శనివారం మా నాన్న విప్పుకుంటాడు."